విరగకుండా విప్పడం: లారీ క్యాబిన్ లోపలి ప్యానెళ్ళ పని

తాడిపత్రిలో లారీతో ఏదో ఒక సంబంధం లేని ఇల్లు అరుదు. నాపరాయి బండలు గనుల నుంచి పాలిష్ యూనిట్లకు, అక్కడి నుంచి దూర ప్రాంతాలకు లారీల మీదే పోవాలి. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల సరుకు సంగతీ అంతే. ఒక ఇంట్లో లారీ యజమాని ఉంటే ఇంకో ఇంట్లో డ్రైవరు, మరో ఇంట్లో క్లీనరు, ఆ పక్కింట్లో షెడ్డులో పని నేర్చుకునే పిల్లవాడు ఉంటాడు. ఈ సంచిక అందుకునే దాతల్లో కూడా లారీ యజమానులు, బండల వ్యాపారులు, స్పేర్ పార్టుల అంగళ్ళ వాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకని ఈసారి మేము ఒక చేతిపని గురించి రాస్తున్నాము. లారీ క్యాబిన్ లోపల ఉండే ప్లాస్టిక్ ప్యానెళ్ళను, వాటిని పట్టి ఉంచే క్లిప్పులు విరగకుండా విప్పి, మళ్ళీ బిగించే పని అది.

ఇంత చిన్న విషయానికి సంచికలో చోటెందుకని అనిపించవచ్చు. పదో తరగతి తర్వాత షెడ్లలో చేరిన మా పాత విద్యార్థులు కనిపించినప్పుడు పని ఎలా ఉందని అడుగుతుంటాము. ఇంజను పనిలో తిట్లు తక్కువ, ప్యానెళ్ళ పనిలోనే ఎక్కువ అని చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. ఇంజను మీద ఉస్తాద్ తానే చెయ్యి వేస్తాడు. ప్యానెల్ విప్పడం 'చిన్నోడి పని' అని కుర్రవాడికి వదిలేస్తాడు. ఎలా విప్పాలో ఎవరూ చెప్పరు. స్క్రూడ్రైవరు దూర్చి లాగితే క్లిప్పు పుటుక్కున విరుగుతుంది. కూలి డబ్బు కోస్తారేమో అన్న భయంతో పిల్లవాడు విరిగిన ముక్కను జేబులో వేసుకుని, మిగిలిన క్లిప్పులతోనే ప్యానెల్‌ను నొక్కేస్తాడు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అదేమిటో కింద చెబుతాము.

ప్యానెళ్ళు ఎందుకు పెరిగాయి

పాత తరం లారీలకు కంపెనీ ఛాసిస్ మాత్రమే వచ్చేది. క్యాబిన్‌ను బాడీ కట్టే మేస్త్రీలు చెక్కతో, రేకుతో కట్టి, లోపల రెక్సిన్ వేసేవారు. విజయవాడ ఆటోనగర్, తమిళనాడులోని నామక్కల్ ఆ పనికి పేరుపొందిన ఊళ్ళు. అక్కడ మేకులు, స్క్రూలు తప్ప క్లిప్పుల గొడవ ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కువగా కంపెనీ నుంచే పూర్తి క్యాబిన్ వస్తోంది. టాటా ప్రైమా, సిగ్నా, భారత్ బెంజ్, ఐషర్ ప్రో, అశోక్ లేలాండ్ కొత్త బండ్లలో దేన్ని చూసినా తలుపు లోపలి వైపు, అద్దం పక్క స్తంభాలు, పైకప్పు, డ్యాష్ బోర్డు అన్నీ ప్లాస్టిక్ తొడుగులే.

ముందు ముందు ఈ పని ఇంకా పెరుగుతుంది. 2023 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులకు మించిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో డ్రైవర్లకు అది పెద్ద ఊరట. అయితే ఏసీ అంటే బ్లోయరు, కూలింగ్ కాయిల్, ఫిల్టరు, వాటి వైర్లు. నాపరాయి పొడి, సిమెంటు దుమ్ము పట్టే ఈ ప్రాంతంలో వాటిని తరచు శుభ్రం చేయవలసి వస్తుంది. వాటిలో చాలావరకు ప్యానెళ్ళ వెనకే ఉంటాయి. కాబట్టి ప్యానెల్‌ను చక్కగా విప్పడం వచ్చిన కుర్రవాడికి పని కరువుండదు.

క్లిప్పు ఎలా పట్టుకుంటుంది

ప్యానెల్‌ను ప్రధానంగా పట్టుకునేవి నాలుగు రకాలు. మొదటిది చెట్టు క్లిప్పు. ఈత చెట్టు బోదెలాగా మెట్లు మెట్లుగా రెక్కలున్న ప్లాస్టిక్ పుల్ల ఇది. రెండోది ఇంగ్లీషు 'యు' ఆకారంలో వంచిన ఉక్కు స్ప్రింగు క్లిప్పు. మూడోది నడుమ పిన్ను ఉండే ప్లాస్టిక్ రివెట్టు. దీనిలో పిన్ను లోపలికి దిగితే కాళ్ళు విచ్చుకుని బిగుసుకుంటాయి. నాలుగోది మామూలు స్క్రూ. ఇది తరచు చిన్న ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది.

చెట్టు క్లిప్పు రెక్కలను గమనిస్తే, ముందు వైపు వాలు సాఫీగా, వెనక వైపు వాలు నిటారుగా ఉంటుంది. అందుకే లోపలికి దిగడం సులువు, బయటికి రావడం కష్టం. అది తిన్నగా బయటికి లాగితే వచ్చేలా తయారైన వస్తువు. పక్కకు వంచితే మెడ దగ్గర విరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లిప్పు తల ప్యానెల్ వెనక ఒక చిన్న గూటిలో కూర్చుంటుంది. ఆ గూడు ప్యానెల్‌తో కలిసి పోతపోసిన భాగం. క్లిప్పు విరిగితే కొద్ది రూపాయలతో పోతుంది. గూడు విరిగితే ప్యానెల్‌కే మరమ్మతు చేయాలి, లేదా కొత్త ప్యానెల్ తెప్పించాలి. అందువల్ల ఏదో ఒకటి పోక తప్పదు అనుకున్నప్పుడు క్లిప్పును పోనిచ్చి గూడును కాపాడుకోవాలి. కుర్రవాళ్ళకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

ఎందుకు విరుగుతాయి

మొదటి కారణం తుల సూత్రం మరచిపోవడం. తొమ్మిదో తరగతి పిల్లలకు మేము నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే సంగతే ఇది. బలం ఆధారానికి ఎంత దూరంగా పనిచేస్తే అంత ఎక్కువగా తిప్పుతుంది. ప్యానెల్ అంచును రెండు చేతులతో పట్టి దూరం నుంచి లాగితే, ఆ తిప్పే బలమంతా వెళ్ళి క్లిప్పు మెడ మీద, గూడు మీద పడుతుంది. అదే బలాన్ని క్లిప్పు పక్కనే, పనిముట్టు దూర్చి పెడితే క్లిప్పు తిన్నగా జారి వస్తుంది.

రెండోది ఎండ. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడవాటి అణుగొలుసులను ఏళ్ళ తరబడి తెంచుతూ వస్తాయి. అందుకే అద్దం పక్క స్తంభం మీది ప్యానెల్, డ్యాష్ బోర్డు పై అంచు ముందుగా పెళుసవుతాయి.

మూడోది మన గాలిలో తేమ లేకపోవడం. చాలా క్లిప్పులు నైలాన్‌తో చేసినవి. నైలాన్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ ఉంటే సాగుతుంది, ఎండిపోతే పెళుసవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే అనంతపురం జిల్లాలో, ఎండాకాలం బండిలోని క్లిప్పు సముద్రతీరపు బండిలోని క్లిప్పు కంటే త్వరగా పుటుక్కుమనడంలో ఆశ్చర్యం లేదు. కొత్త నైలాన్ క్లిప్పులను గోరువెచ్చని నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, తుడిచి వాడితే గట్టిపడినవి కొంత మెత్తబడతాయి. ఎండకు పాడైన పాత క్లిప్పుకు మాత్రం నీళ్ళు ప్రాణం పోయలేవు.

నాలుగోది రాతి పొడి. క్లిప్పు రెక్కలకు, రంధ్రానికి మధ్య సన్నని పొడి చేరి బిరుసెక్కుతుంది. లాగే ముందు ఆ సందులో గాలి కొట్టినా, పెయింటు బ్రష్షుతో దులిపినా సగం పని తేలికవుతుంది.

పనిముట్లు, పని వేళ

ఇనుప స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టకూడదు. దాని కొన చిన్నది. బలమంతా ఒకే చోట పడి ప్యానెల్‌కు గుంట పడుతుంది, వెనక తలుపు రేకు పెయింటు లేచి అక్కడ తుప్పు మొదలవుతుంది. నైలాన్ లేదా గట్టి ప్లాస్టిక్‌తో చేసిన చపటా పనిముట్లు అంగళ్ళలో దొరుకుతాయి. అవి ఒకటి రెండు వెడల్పుల్లోను, పాము నాలుకలా రెండుగా చీలిన కొనతో ఒకటి ఉంటే చాలు. చీలిన కొన క్లిప్పు మెడకు రెండు పక్కలా దూరి తల కింద సమంగా ఎత్తుతుంది. ఇనుపది తప్పక వాడవలసి వస్తే కొనకు గుడ్డ చుట్టి, కింద అట్ట ముక్క పెట్టాలి.

వేళ కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం బండి లోపల చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు ప్లాస్టిక్ విరగదు గాని వంగిపోతుంది, ఆ వంపు అలాగే ఉండిపోవచ్చు. చలికాలం తెల్లవారుజామున అదే ప్లాస్టిక్ బిగుసుకుని ఉంటుంది. ఎండాకాలంలో బండిని నీడన పెట్టి పొద్దున చేసుకోవాలి. చలికాలంలో కాసేపు ఎండలో ఉంచాక మొదలుపెట్టాలి. పాత ప్యానెల్ అయితే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను అంచు మీద కొన్ని నిమిషాలు పరిస్తే మెత్తబడుతుంది. బ్లో ల్యాంపు మంట మాత్రం క్యాబిన్ లోపలికి రానివ్వకూడదు.

వరుసగా పని: డోర్ ప్యాడ్ ఉదాహరణ

తలుపు లోపలి ప్యానెల్‌ను మన షెడ్లలో డోర్ ప్యాడ్ అంటారు. ఇది బాగా వస్తే మిగతావి కూడా వస్తాయి.

మొదట కరెంటు ఆపాలి. భారీ లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు వాడతారు. కటాఫ్ స్విచ్ ఉంటే దాన్ని ఆపాలి, లేకుంటే నెగెటివ్ వైరు ముందు విప్పాలి. పికప్పుల్లోను, కార్లలోను స్తంభం ప్యానెల్ మీద ఎయిర్ బ్యాగ్ గుర్తు ఉంటే బ్యాటరీ విప్పాక కంపెనీ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాలి. ఆ పని నేర్చుకునే పిల్లలకు అప్పజెప్పకూడదు.

రెండోది, ఫోను తీసి అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసుకోవాలి. తర్వాత స్క్రూలు వెదకాలి. చేతిపట్టు గుంటలో, లోపలి హ్యాండిల్ వెనక, ప్యాడ్ కింది అంచున, గుండ్రటి చిన్న మూతల కింద వేలితో తడిమి చూడాలి. ప్యానెల్ రానని మొండికేస్తే, ఒక స్క్రూ ఇంకా మిగిలి ఉందని అర్థం. బలం పెంచే ముందు మళ్ళీ వెదకాలి. విరిగే ప్యానెళ్ళలో చాలావరకు ఇలా మరచిన ఒక్క స్క్రూ వల్ల విరిగేవే.

మూడోది, అద్దం దించే హ్యాండిల్ ఉన్న బండ్ల సంగతి. కొన్నింటిలో నడుమ స్క్రూ ఉంటుంది. కొన్నింటిలో హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారపు స్ప్రింగు ఉంటుంది. దానికి పాత ఉస్తాదుల ఉపాయం ఒకటి ఉంది. గుడ్డ పేలికను హ్యాండిల్‌కు, ప్యాడ్‌కు మధ్య దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగుతారు. గుడ్డ పోగులు స్ప్రింగు కొనను పట్టుకుని బయటికి తోస్తాయి. స్ప్రింగు ఎగిరి పోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టాలి.

నాలుగోది, ప్యాడ్ కింది మూల దగ్గర చపటా పనిముట్టు దూర్చి నెమ్మదిగా జరుపుతూ పోవాలి. క్లిప్పు తగిలిన చోట పనిముట్టు ఆగుతుంది. అక్కడే, క్లిప్పుకు వీలైనంత దగ్గరగా ఎత్తాలి. 'టప్' మని ఒకటి వచ్చాక, పక్కదానికి పోవాలి. ఒకటి వచ్చింది కదా అని చేత్తో పట్టి మిగతావాటిని బరబరా లాగకూడదు. కింది అంచు, తర్వాత రెండు పక్కలు, పై అంచు చివరికి. చాలా ప్యాడ్లు పై అంచున అద్దం గాడికి తగిలించి ఉంటాయి. అక్కడ ముందుకు లాగకూడదు, నిలువుగా పైకి ఎత్తాలి.

ఐదోది, ప్యాడ్ చేతికి రాగానే దూరం లాగకూడదు. వెనక స్విచ్చుల వైర్లు, స్పీకరు వైర్లు ఉంటాయి. కప్లర్ నాలుకను నొక్కి, కప్లర్‌నే పట్టి విడదీయాలి. వైర్లను పట్టి లాగితే లోపలి పిన్ను సడలి, మూడు నెలల తర్వాత ఎక్కడో ఘాటు రోడ్డులో అద్దం పని చేయదు. అప్పుడు కారణం ఎవరికీ దొరకదు.

ఆరోది, ప్యాడ్ వెనక తలుపుకు అతికించిన పలుచని ప్లాస్టిక్ కాగితం. గ్లాసు మిషన్ దగ్గరికి పోవడానికి దాన్ని చింపేవాళ్ళు ఎక్కువ. నిజానికి వాననీటిని, దుమ్మును లోపలికి రాకుండా ఆపేది అదే. బ్లేడుతో జిగురు మీద కోసి తెరిచి, పని అయ్యాక తిరిగి అతికించాలి. తలుపు కింద నీళ్ళు పోయే రంధ్రాలు రాతి పొడితో మూసుకుపోయి ఉంటే అప్పుడే పుల్లతో తెరవాలి.

మిగతా ప్యానెళ్ళకు ఇదే పద్ధతి వర్తిస్తుంది. స్తంభం ప్యానెల్ అంచును తలుపు బీడింగ్ రబ్బరు కప్పి ఉంటుంది కనుక ముందు ఆ రబ్బరును అంత మేరకు తప్పించాలి. పైకప్పు ప్యానెల్‌ను ఒక్కరే విప్పకూడదు. ఒకవైపు క్లిప్పులు రాగానే బరువంతా రెండోవైపు వేలాడి గూళ్ళు విరుగుతాయి. పిన్ను రివెట్టును ఎన్నడూ లాగకూడదు. నడుమ పిన్నును మొదట పైకి ఎత్తాలి. కొన్ని రకాల్లో లోపలికి ఒక మెట్టు నొక్కాలి. పిన్ను వదిలితేనే రివెట్టు కాళ్ళు ముడుచుకుంటాయి.

విప్పిన స్క్రూలకు, క్లిప్పులకు కోడిగుడ్ల అట్ట ట్రేను మించిన డబ్బా లేదు. ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసి, పక్కన పెన్సిలుతో రాసుకోవాలి. పొడుగు స్క్రూ, పొట్టి స్క్రూ తారుమారైతే పొడుగుది వెళ్ళి వెనక వైరుకు గుచ్చుకుంటుంది.

తిరిగి బిగించడం

లాగినప్పుడు కొన్ని క్లిప్పులు తలుపు రేకులోనే ఉండిపోతాయి. వాటిని చీలిన పనిముట్టుతో తీసి, ప్యానెల్ గూళ్ళలో పెట్టాలి. రెక్క తెగినవి, మెడ తెల్లబారినవి పారేసి కొత్తవి వేయాలి. తెల్లబారడం అంటే లోపల చీలిక మొదలైందని గుర్తు. రంధ్రాలు దులిపి, వైర్లు కలిపి, స్విచ్చులు పని చేస్తున్నాయో లేదో చూశాకే ప్యాడ్ ఎక్కించాలి. పై అంచును గాడిలో తగిలించి, ఒక్కో క్లిప్పు కొన దాని రంధ్రానికి ఎదురుగా ఉందని కంటితో చూసి, సరిగ్గా క్లిప్పు మీదే అరచేత్తో గుద్దాలి. 'టక్' అని వినబడాలి. వినబడకపోతే అది రంధ్రం తప్పి మడతపడిందని తెలుసుకుని, ఆ మూల తిరిగి విప్పాలి. సుత్తి వాడకూడదు.

గూడు విరిగితే ప్యానెల్ వెనక అచ్చు గుర్తు చూడాలి. ఏబీఎస్ అని ఉంటే మంచి ఎపాక్సీతో అతుకుతుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. దానికి మామూలు జిగురు ఏదీ నిలవదు. అదే రకం ప్లాస్టిక్ ముక్కతో వేడి వెల్డింగ్ చేయాలి. ఆ రెండక్షరాలు చదవకుండా జిగురు ట్యూబులు ఖర్చు చేయడం దండగ.

దాచిన క్లిప్పు ఏం చేస్తుంది

ఒక క్లిప్పు లేకపోతే ఏమవుతుందిలే అనుకుంటారు. మొదట గడగడమని మోత. గతుకుల్లో ప్యానెల్ ఊగుతూ పక్క క్లిప్పుల మీద భారం వేస్తుంది, అవీ పోతాయి. మోత భరించలేక డ్రైవరు ఏదో ఒక షెడ్డులో ప్యానెల్ మీదుగా స్క్రూ కొట్టిస్తాడు. దాని వెనక ఏముందో కొట్టేవాడికి కనబడదు. స్క్రూ మొన వైర్ల కట్టకు తగిలి ఉంటే, బండి ఊగినప్పుడల్లా ఇన్సులేషన్ అరుగుతుంది. రాగి బయటపడి రేకుకు తగిలిననాడు షార్ట్ సర్క్యూట్. ఆ వైరుకు సరైన ఫ్యూజు ఉంటే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు స్థానంలో ఎవరో లావు తీగ చుట్టి ఉంటే వైరే కాలుతుంది. చుట్టూ ఉన్నవి ప్లాస్టిక్, స్పాంజి, సీటు గుడ్డ. దూర ప్రయాణాల డ్రైవరు రాత్రి పడుకునేది కూడా ఆ క్యాబిన్‌లోనే అన్నది మరువకూడదు.

కనుక విరిగిన క్లిప్పు కంటే దాచిన క్లిప్పు ప్రమాదం. పిల్లవాడు దాచకుండా ఉండాలంటే చెప్పినందుకు దెబ్బ పడకూడదు. క్లిప్పులు అరిగి విరిగే వస్తువులే. టైరు అరిగినందుకు డ్రైవరు కూలి ఎవరూ కోయరు కదా.

యజమానులకు, షెడ్డు పెద్దలకు

ఈ సంచిక చదివే లారీ యజమానులకు మా విన్నపాలు మూడు. ఒకటి, ప్యానెల్ పనికి వ్యవధి ఇవ్వండి. లోడు వేచి ఉందని షెడ్డు గుమ్మంలో నిలబడి తొందరపెట్టినప్పుడే కుర్రవాడి చేతికి స్క్రూడ్రైవరు వస్తుంది. రెండు, మీ బండి రకానికి సరిపోయే క్లిప్పులు ఒక పొట్లం కొని డ్యాష్ బోర్డు అరలో ఉంచండి. దొరకని క్లిప్పు కోసం బండి ఆగే ఖర్చు ముందు ఆ పొట్లం ధర లెక్కలోకి రాదు. మూడు, బిల్లులో క్లిప్పుల ఖర్చు రాసి ఉంటే దాన్ని తప్పుగా చూడకండి. రాసినవాడు దాచనివాడు.

షెడ్డు పెద్దలకు ఒక మాట. మీ దగ్గర పాడైన పాత తలుపు ఒకటి ఉంటే దాన్ని పారేయకండి. చేరిన పిల్లవాడిని మొదటి వారం దాని మీద పదిసార్లు ప్యాడ్ విప్పి బిగించనివ్వండి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వాహన మెకానిక్ కోర్సు రెండేళ్ళు. అక్కడికి పోలేని పిల్లలకు మీ షెడ్డే ఐటీఐ. నైలాన్ పనిముట్ల జత ఒకటి వాడి చేతికి మీరు ఇస్తే, అది వాడికి తొలి పాఠ్యపుస్తకం.

ఇక బండి తిరిగి తీసుకునే రోజున ప్రతి యజమానీ ఒక నిమిషం చేయదగిన పని ఉంది. లోపల కూర్చుని డోర్ ప్యాడ్ అంచు పొడవునా అరచేత్తో నొక్కుతూ రండి. ఎక్కడైనా మెత్తగా ఊగితే అక్కడ క్లిప్పు లేదు. కోపం లేకుండా ఆ పిల్లవాడిని పిలిచి చోటు చూపించండి, పొట్లంలోంచి ఒక క్లిప్పు ఇవ్వండి. వాడు దాన్ని బిగించి 'టక్' మన్నాక బండి తీయండి.